బండి కింది గంప

ఈ చుక్కల కోడిది, అదే పూలపెట్టది, ఏ ఊరంటే చెప్పడం కష్టం. ఊరూరా తిరిగి కొడవళ్లు సరిచేసేవాళ్ల బండి కింద వేలాడే గంపలో దాని కాపురం. దుమ్మూ, ఎండా, గతుకులూ. ఎగిరెగిరిపడి దాని ఒళ్లంతా హూనమైపోయింది.

ఒక సాయంత్రం బండి ఓ రైతు పెరట్లో ఆగింది. ఆ ఇంటి నల్లపెట్టకి జాలేసింది.

"ఎన్నాళ్లని ఇలా ఊళ్లు పట్టుకు తిరుగుతావే? మా పాకలో దూలమ్మీద బోలెడు చోటుంది. ఉండిపో."

"నాకూ విసుగొచ్చేసింది వదినా," అంటూ పూలపెట్ట దూలమెక్కింది.

దూలం గట్టిగా ఉంది, పాక వెచ్చగా ఉంది. పూలపెట్ట కళ్లు మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. ఎంతకీ కునుకు రాదు. చివరికి నల్లపెట్టని పొడిచి లేపింది.

"వదినా, మీ ఇల్లు ఎప్పుడు బయల్దేరుతుంది?"

"ఇల్లు బయల్దేరడమేంటే, నీ మొహం! పడుకో."

పూలపెట్ట దూలం దిగి, కాళ్లీడ్చుకుంటూ పోయి గంపలో దూరింది.

తెల్లారగానే ఎడ్లు కట్టారు. ఇరుసు కిర్రుమంది, గంప ఊగింది.

"పాపం, దీని కష్టాలు మళ్లీ మొదలు," అంది నల్లపెట్ట.

పూలపెట్టకి వినపడలేదు. అప్పటికే ఒళ్లు తెలీకుండా నిద్రపోతోంది.