అరవై రోజుల పుచ్చకాయ

“కోయబాకండి! అది ఇంకా పండలా!” పెరట్లోంచి కోడలు ఎవాంజెలిన్ కేక వినబడింది.

వరండాలో మంచం మీదున్న ఎలిశబెతుకు ఒళ్లు మండిపోయింది. నెల్లూరులో డాక్టరు “ఇంక ఇంటికి తీసుకెళ్లి, ఇష్టమైంది పెట్టండి” అని పంపేసినప్పుడు ఆమె అడిగిందల్లా ఒక్కటే, పెరటి ఇసుకలో కాసిన పుచ్చకాయ. అరవై రోజులకే పండే రకమని కోడలే విత్తనాలు తెప్పించి నాటింది. బతికింది ఒక్క తీగ, నిలిచింది ఒక్క కాయ. ఇవాళ్టికి డెబ్బై నాలుగు రోజులు.

“పండకపోవడమేంది?” కొడుకు రూఫస్ చేతిలో కత్తి ఉంది. పోర్టులో పనికి వెళ్లే బస్సు వేళవుతున్నా కదల్లేదు. “తొడిమ కాడ నులితీగ ఎండిపోయె, అడుగు పసుపు తిరిగె. తట్టి చూడు, ఎంత మందంగా మోగతా ఉండాదో!”

“రేపు చూద్దాం.”

“వారం నుంచీ రేపే! ఇంకో రెండ్రోజులుంటే పగిలి కుళ్లిపోతాది. మా అమ్మ కంటే కాయ ఎక్కువా నీకు?”

ఎవాంజెలిన్ వెళ్లి కాయకు అడ్డంగా కూర్చుంది.

ఎలిశబెతుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పదకొండేళ్లు తనను కన్నకూతురిలా చూసుకున్న పిల్ల! ఆఖరికి ఒక్క ముక్క దగ్గర బుద్ధి బయటపెట్టుకుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇది అడిగినా పెట్టని చెయ్యి. ఆ కోపమే ఆమెను మంచం మీంచి లేపింది. గోడ పట్టుకుని, ఆయాసపడుతూ పెరటి గుమ్మం దాకా వచ్చింది.

“ఏం మే, నేను పొయ్యినాక నా సమాధి కాడ పెడదామనా?”

ఎవాంజెలిన్ పరుగున వచ్చి అత్తను పొదివి పట్టుకుంది.

“తప్పు నాదే అత్తా. గింజ నాటేటప్పుడు మోకాళ్ల మీద ప్రార్థన చేసినా. ఇంకాస్త ఎక్కువ అడగాలని అప్పుడు తోచలా.”

“ఏమడిగినావు?”

కోడలు వెక్కివెక్కి ఏడ్చింది.

“‘ఈ కాయ తినిందాకా అన్నా మా అత్తను నా దగ్గర ఉంచు ప్రభువా’ అని.”