పట్టేసిన పిస్టన్

ఇనుపరాడ్డు మొదటి దెబ్బ కంప్యూటర్ మీద పడింది.

తెర మీద తిరుగుతున్న టూస్ట్రోక్ ఇంజన్ బొమ్మ భళ్లున పగిలి నల్లబడిపోయింది. రెండో దెబ్బ జగదీశ్ భుజం మీద పడింది.

"నా కొడుకును సంపినవ్ గదరా!"

మొగులయ్య అరుపుకు గగన్‌పహాడ్‌లోని ఆ సందులో మిషన్లన్నీ ఆగిపోయాయి. మామిడిపల్లి నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ రాడ్డును ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. పొలం ఎయిర్‌పోర్టు కింద పోయిన రోజున కూడా గొంతెత్తని మనిషి. ఇప్పుడు నోట నురగ కక్కుతున్నాడు.

పాత టూస్ట్రోక్ బండ్లను పందాలకు తయారుచేసే షాపు జగదీశ్‌ది. సిలిండర్ గోడకున్న దారులు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి, పెట్రోలు ఆవిరిని పిస్టన్ ఎంత గట్టిగా నొక్కాలి, అంతా లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ అతనే రాసుకున్నాడు. ఆ షాపులో తయారైన బండి మీదే మొగులయ్య కొడుకు నవీన్‌కుమార్ ఎయిర్‌పోర్టు వెనక రోడ్డులో పందానికి దిగాడు. మంచి వేగంలో ఉండగా పిస్టన్ వేడికి సిలిండర్‌లో ఇరుక్కుని పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి పల్టీ కొట్టింది. ఎదురుగా లారీ. దవాఖాన వాళ్లు ముఖం మీది గుడ్డ తియ్యనివ్వలేదు.

"అన్నా అన్నా అనుకుంట నీ ఎన్కనే తిరిగిండు గదరా! గా డబ్బాల ఏం లెక్క గట్టినవ్? వాని సావు లెక్క గట్టినవా?"

ఈసారి రాడ్డు మోకాలి చిప్ప మీద పడింది. ఏదో విరిగిన చప్పుడు. జగదీశ్ కూలబడ్డాడు. చేతిలో బరువైన పానా ఉంది. దాంతో ఎదురు కొడితే మొగులయ్య ముసలి చెయ్యి విరిగిపోయేదే. దాన్ని మెల్లగా నేల మీద పెట్టేశాడు.

"కొట్టు బాపూ," అన్నాడు.

పక్క లేత్ షాపు మల్లేశ్వర్ ఉరికొచ్చి రాడ్డు పట్టుకోబోయాడు. మొగులయ్య మోచెయ్యి తగిలి అతని పెదవి చిట్లింది.

"జర ఇను కాకా! అంత కంప్రెషన్ పెడితే పట్టేస్తదని సాఫ్ట్‌వేర్ ఎర్రగ చూపెట్టింది. జగదీశ్ వద్దంటె వద్దన్నడు. నవీనే దొంగతనంగ కాటేదాన్‌ల ఇంకో షాపుకు పోయి, కంప్రెషన్ పెరగాలని ఇంజన్ హెడ్డు గీకించుకొచ్చి..."

"నోర్మూయ్ మల్లేశ్!" జగదీశ్ అరిచాడు. తర్వాత మొగులయ్య కళ్లలోకి చూడకుండా అన్నాడు. "వాని మాట ఇనకు బాపూ. లెక్క నాదే. తప్పు నాదే."

మొగులయ్యకు ఆ చివరి మాట ఒక్కటే వినిపించింది.

రాడ్డు నెత్తి మీద పడింది. రక్తం జగదీశ్ కనుబొమల మీదుగా కారి, విప్పి పెట్టిన ఇంజన్ మీద చుక్కలుగా రాలింది. మొగులయ్య రాడ్డును రెండు చేతులా పైకెత్తాడు. అది దిగితే మనిషి మిగలడని చూస్తున్న అందరికీ తెలుసు. ఎవరి కాలూ కదల్లేదు.

అంతలో మొగులయ్య భార్య రుక్మిణమ్మ సగం లేపిన షట్టర్ కింది నుంచి దూరి వచ్చింది. మొగుడి చెయ్యి పట్టుకోలేదు. జగదీశ్ మీద బోర్లా పడి, అతని తలను రెండు చేతులతో కప్పేసి, ఎత్తిన రాడ్డు వైపు చూస్తూ అరిచింది.

"చిన్నోన్ని లారీ మింగింది, ఇగ ఈ పెద్దోన్ని కన్నతండ్రివి నువ్వే మింగు!"