బోరయ్య కొలతల పుస్తకం

బోరయ్య నాలుగో క్లచ్ ప్లేటుని కూడా వెర్నియర్ దవడల మధ్య పెట్టి కొలిచాడు. రెండుంబావు మిల్లీమీటర్లు. మొదటి మూడూ అంతే. ఎన్నిసార్లు కొలిస్తే మాత్రం అరిగిన ప్లేటు మందమవుతుందా?

చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నారు. మైసూరులో పాత జావా మోటారుసైకిళ్ళున్నవాళ్ళు ఆదివారం పొద్దున్నే బోరయ్య షాపు దగ్గర కలుసుకుని, కలిసి చాముండి కొండెక్కుతారు. ఇవాళ సగమే ఎక్కారు. దారిలో ఉండే నంది విగ్రహం దాకా పోకుండానే సిద్దరాజు బండి చతికిలబడింది. ఇంజను గొంతు చించుకుంటోంది, చక్రం మాత్రం తిరగనంటోంది. వెనక కూర్చున్న తల్లి పుట్టతాయమ్మని దింపేసి, బండిని దొర్లించుకుంటూ కిందికి తెచ్చాడు. మిగతావాళ్ళూ తమాషా చూడ్డానికి వెనకే దిగారు.

"నువ్వు కొత్త ప్లేట్లు వేసి ఇంకా అయిదు నెలలు కాలేదు బోరణ్ణా," అన్నాడు సిద్దరాజు. "ఆదివారం తప్ప బండి తియ్యను. మిగతా ఆరు రోజులూ నేను ఆఫీసులో, బండి షెడ్డులో, తాళం నా జేబులో. మరి ఇంత ఎలా అరిగాయి?"

"తాళందేముందిలే, జావా తాళం ఏ జావాకైనా పడుతుంది," అన్నాడు గుంపులోంచి నాగేంద్ర.

బోరయ్య ప్లేట్ల మధ్య ఉండే ఇనప రేకుని ఎత్తి చూపించాడు. వేడికి నీలంగా కమిలిపోయి ఉంది.

"క్లచ్చి పూర్తిగా వదలకుండా సగంలో పట్టుకుని తోలితే ఇలా అవుతుంది," అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

సిద్దరాజు మొహం ఎర్రబడింది. "పదహారో ఏటి నుంచి తోలుతున్నా. నాకు క్లచ్చి వదలడం రాదంటావా?"

"నువ్వని అన్లేదు..."

"నేను కాకపోతే ఇంకెవరు? నా షెడ్డులో ఎవరైనా చెయ్యి పెట్టారని తేలితే, నాన్న గుర్తని కూడా చూడను. రేపే అమ్మి పారేస్తా!"

బోరయ్య ఆ ఇనప రేకుని బల్ల మీద బోర్లించాడు.

ముప్పై ఏళ్ళు బండ్ల ఫ్యాక్టరీలో ప్లేట్లు కొలిచిన మనిషి. అది మూతపడ్డాక ఈ షాపు పెట్టుకున్నాడు. బిగించే ప్రతి ప్లేటునీ కొలిచి నల్లట్ట పుస్తకంలో రాస్తాడు. ఆ పుస్తకంలో ఉందంటే ఊళ్ళో ఇంక మారుమాట లేదు. అతనికి ఉన్న ఆస్తల్లా ఆ పేరే.

"ఏదీ, పుస్తకం తియ్యి," అంది పుట్టతాయమ్మ. అరవై మూడేళ్ళ మనిషి. కొండ దిగిన ఆయాసం ఇంకా తీరలేదు గానీ నోటికి మాత్రం అలుపు లేదు.

తీశాడు. సిద్దరాజు బండి, నాలుగు ప్లేట్లు, నాలుగూ మూడున్నర. కింద బోరయ్య సంతకం.

"పుస్తకమే నిజమైతే సిద్దరాజుని డ్రైవింగ్ స్కూల్లో వెయ్యాలి," అన్నాడు నాగేంద్ర. అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వుతో సిద్దరాజుకి వెనక్కి తగ్గే దారి లేకుండా పోయింది.

"నవ్వకండి!" పుట్టతాయమ్మ బోరయ్య మీదికి వచ్చింది. "వీళ్ళ నాన్న నీ పక్క బల్ల మీదే పనిచేశాడు కదయ్యా! ఆయన కొడుక్కి బండి రాదంటావా? పాత ప్లేట్లు తగిలించి కొత్తవని రాశావు, అంతేనా? చెప్పు!"

బోరయ్యకి బయటపడే దారి ఉంది. ఒక్క మాట చాలు. అది గొంతు దాకా వచ్చింది కూడా. ఆవిడ వంక చూశాడు. ఆవిడ చూపు తిప్పుకుని, బల్ల మీదున్న ప్లేటు ఒకటి అందుకోబోయింది.

"ముట్టుకోకమ్మా," అన్నాడు సిద్దరాజు. "బండి మీద ఆడవాళ్ళ చెయ్యి పడితే నాన్నకి నచ్చేది కాదు, తెలుసుగా."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అవును," అన్నాడు బోరయ్య. "పాతవే వేశాను. కొలవకుండా రాశాను."

నవ్వులు ఆగిపోయాయి. అతన్ని తిట్టినా బాగుండేది. ఒక్కొక్కరే రెండడుగులు వెనక్కి జరిగారు.

"ఆ రాత కొట్టెయ్," అన్నాడు సిద్దరాజు.

పై అధికారి బెదిరించినా తప్పుడు కొలత రాయని చెయ్యి అది. ఆ చెయ్యే నాలుగు మూడున్నరల మీదుగా గీత గీసింది. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. సొంత షాపులో ఎటు చూడాలో తెలియక పుస్తకంలోకే చూస్తూ ఉండిపోయాడు.

"చాల్లేరా, ఒప్పుకున్నాడుగా," అంది పుట్టతాయమ్మ. ఈసారి గొంతు పెద్దగా లేవలేదు.

బోరయ్య డబ్బాలో నూనెలో నానుతున్న కొత్త ప్లేట్లు తీశాడు. ఒక్కొక్కటీ తుడిచి, కొలిచి, సిద్దరాజు కళ్ళ ముందు పెట్టి చూపించి మరీ బిగించాడు. గంట పట్టింది. ఈలోగా ఒక్కొక్కరే బండి స్టార్టు చేసుకుని జారుకున్నారు.

"నాది వచ్చే వారం చూద్దాంలే బోరణ్ణా," అన్నాడు నాగేంద్ర. వచ్చే వారం రాడని ఇద్దరికీ తెలుసు.

సిద్దరాజు తల్లిని వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

సోమవారం సిద్దరాజు ఆఫీసుకి వెళ్ళిన గంటకి, ఎప్పటిలాగే ఊరి చివర ఖాళీ మైదానంలో, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని కొడుకు బండెక్కి, పక్కన నిలబడ్డ బోరయ్య ఇచ్చిన తాళంతో ఇంజను లేపి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నీ పుస్తకం మీద ఒట్టు మాస్టారూ, ఇవాళ్టి నుంచి క్లచ్చి పూర్తిగా వదుల్తా," అంది పుట్టతాయమ్మ.