వెల్డింగ్ చప్పుడు

“ఓడ ఒడ్డుకొచ్చీసిందేటి, బావా?” అడిగాడు గురునాథరావు. అతనికి చూపు పోయినప్పట్నించీ ఓడల కబుర్లన్నీ సింహాద్రే ఫోన్లో చూసి చెబుతున్నాడు.

“వచ్చీసింది,” అన్నాడు సింహాద్రి. ఆ మాట వరకూ నిజమే.

గ్రీసు వాళ్లు వాడుకుని అమ్మేసిన పాత ఫెర్రీ అది. బాగుచేసి విశాఖ నించి అండమాన్‌కి తిప్పుతారన్నారు. మొదటి ట్రిప్పులోనే ఎక్కాలని, భిలాయ్ స్టీల్ ప్లాంటులో రిటైరైన ఈ మిత్రులిద్దరూ సెక్టర్ 7 పార్కులో కూర్చుని రోజూ అనుకునేవారు.

“రిపేరు మొదలెట్టారా?”

“ఆఁ. తుప్పట్టిన ప్లేట్లు తీసీసి కొత్తవి ఏస్తన్నారు. కేబిన్లు కూడా మారస్తారట.”

“వీడియో ఉందేటి? పెట్టు, ఇంటాను.”

సింహాద్రి తప్పించుకోలేక పెట్టాడు. గురునాథరావు ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఇలాంటి చప్పుళ్ల మధ్యే ఇద్దరి ఉద్యోగమూ గడిచింది.

“గ్యాస్ కటర్ బుస్సుమంటంది,” అని నవ్వాడు. “మల్లీ పెట్టు.”

ఈసారి నవ్వకుండా చివరిదాకా విన్నాడు.

“కోస్తన్నారు సరే. అతికేవోడు ఒక్కడూ లేడేటి, బావా? వెల్డింగ్ చిటపట ఎక్కడా ఇనబడదేటి?”

ఓడని కోసెయ్యడానికి తుక్కు కింద అమ్మేశారని సింహాద్రి పొద్దున్నే ఫోన్లో చదివాడు.

గురునాథరావు తడుముకుంటూ అతని చెయ్యి వెతికి, ఫోను అందులో పెట్టాడు.

“పోనీలే గానీ, రంగేటి ఏస్తన్నారో చెప్పు,” అన్నాడు.