మూడోసారి అడిగితే

ఆ రోజు ఇంట్లో ఉన్నది తల్లి లెనోర్, మర్నాడు పెళ్లి కావలసిన కిర్‌స్టెన్, ఆమె చెల్లెలు సిగ్నె, కాబోయే అత్తగారు వెర్నా. తండ్రి వాకిట్లో పారతో మంచు ఎత్తిపోస్తున్నాడు.

సిగ్నె వెర్నా ముందు కేకు పెట్టింది. ఆవిడ వద్దంది. మళ్లీ అడిగితే కడుపు నిండుగా ఉందంది. మూడోసారి అడగగానే, "సరే, చిన్న ముక్క చాలమ్మా" అంటూ పెద్దదే తీసుకుంది.

లెనోర్ మురిసిపోయింది. సిగ్నెకు ఆటిజం. మాట వెనక మాట అందదు. అందుకే తల్లి ఆమెకు ఒక సూత్రం నేర్పింది: అమెరికాలోని ఈ మిన్నెసోటా రాష్ట్రంలో మొదటి రెండు జవాబులూ మర్యాదకు, మూడోదే నిజం.

"మా టాడ్‌కి ఆ మర్యాద కూడా లేదు. మొదటిసారే పళ్లెం చాపుతాడు," అని వెర్నా కొడుకు గురించి చెప్పి నవ్వింది.

కిర్‌స్టెన్ నవ్వలేదు. సిగ్నె అక్క ముఖం చూడలేదు. ఉంగరాన్ని అదేపనిగా తిప్పుతున్న వేళ్లను చూసింది.

"అక్కా, నీకీ పెళ్లి ఇష్టమేనా?"

"అదేం ప్రశ్నే? ఇష్టమే."

మళ్లీ అడిగింది. కిర్‌స్టెన్ నవ్వు తెచ్చుకుని తలూపింది. ఇక ఊరుకోమని లెనోర్ కళ్లతో సైగ చేసింది. సిగ్నెకు సైగలు తెలియవు.

"ఇష్టమేనా అక్కా?"

ఉంగరం తిప్పుతున్న కిర్‌స్టెన్ వేళ్లు ఆగాయి. "లేదే. టాడ్ అంటే నాకు భయం."

వెర్నా చేతిలో ఫోర్కు జారి పళ్లెంలో పడింది. కిర్‌స్టెన్ ఉంగరం తీసి కేకు పక్కన పెట్టింది.

ముందుగా తేరుకున్నది లెనోరే. పెళ్లికి ముందు అందరికీ ఇలాగే ఉంటుందని, చుట్టాలంతా బయల్దేరారని గబగబా చెప్పింది. ఉంగరం తిరిగి కూతురి చేతిలో పెట్టి, సిగ్నెను భుజం పట్టుకుని లాక్కెళ్లి పక్కగదిలోకి నెట్టింది.

"తప్పుగా అడిగానా అమ్మా?"

"నోరు మూసుకో. భయం ఎన్నాళ్లుంటుంది? పెళ్లయ్యాక అన్నీ సర్దుకుంటాయి. నాకు సర్దుకోలేదూ?"

సిగ్నె ఆలోచించింది. "నువ్వు నాన్నతో సుఖంగా ఉన్నావా?"

"ఉన్నాను."

"సుఖంగా ఉన్నావా అమ్మా?"

"ఉన్నాననే చెబుతున్నాగా."

బయట పార చప్పుడు ఆగింది. మెట్ల మీద బూట్లు దులుపుకుంటున్న చప్పుడు మొదలైంది. లెనోర్ ముఖం పాలిపోయింది.

సిగ్నె మళ్లీ నోరు తెరిచింది. మాట బయటికి రాకముందే తల్లి ఆమె ముఖం మీదే తలుపు మూసేసింది.