పిల్లింగ్ తన్నిన పెనాల్టీ

"చేప లేదు. అయిపోయింది," అంది చేపవేపుళ్ళ దుకాణం మార్జరీ. ఆమె వెనకాల నూనెలో నాలుగు చేపలు చిటపటలాడుతున్నాయి.

స్టువర్ట్ పిల్లింగ్ వాటి వంక చూశాడు. "పోనీ చిప్సయినా ఇవ్వు మార్జరీ. పాపకి."

"చిప్సూ లేవు. పదకొండేళ్ళు నీకు తిండి పెట్టాను. ఇక ఈ చేత్తో పెట్టను."

వరసలో నిలబడ్డ సెలూన్ రాన్ పెద్దగా నవ్వాడు. "బంతి లాక్కోవడం వచ్చుగా ఈయనకి. చేప కూడా అలాగే లాక్కోమను!"

దుకాణమంతా గొల్లుమంది. వరస చివర ఉన్న కోరీ మాత్రం నవ్వలేదు. తలవంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. పిల్లింగ్ బయటికి నడిచాక మార్జరీ కోరీని ముందుకి పిలిచి, అందరికన్నా పెద్ద చేప పొట్లం కట్టి ఇచ్చింది. "నీ దగ్గర డబ్బులేమిటి నాయనా, తీసుకో."

హోల్డెన్‌షా టౌన్ ఫుట్‌బాల్ జట్టుకి ఆ సీజన్ మొదట్నుంచీ అచ్చిరాలేదు. ఆగస్టులో వచ్చిన మేనేజరు అక్టోబరు దాటలేదు. నవంబరు వానలకి మైదానం చెరువైపోయి, మూడు వారాలు పక్క ఊరి మైదానంలో ఆడాల్సి వచ్చింది. రెండో మేనేజరుకి ఉద్యోగం పోయిందన్న కబురు క్రిస్మస్ ముందురోజు ఫోనులో అందింది. జనవరిలో యజమాని ఉన్న ఒక్క మంచి ఫార్వర్డునీ అమ్మేశాడు. జనం తిట్టిపోస్తే మ్యాచ్‌లకి రావడమే మానేశాడు. మూడో మేనేజరుకి ఆటగాళ్ళ పేర్లు నోటికి వచ్చేసరికి జట్టు పట్టికలో అట్టడుగున ఉంది.

ఆ మునకలో ఊరు ఇద్దర్ని పట్టుకుని వేలాడింది. ఒకడు ముప్ఫై నాలుగేళ్ళ కెప్టెన్ పిల్లింగ్. ఇంకొకడు ఇరవై రెండేళ్ళ కోరీ హాలస్. కోరీ ఆ ఏడు పద్నాలుగు గోల్స్ కొట్టాడు. అందులో ఐదు పెనాల్టీలు. ఒక్కటీ తప్పలేదు.

ఆఖరి శనివారం ఎల్డర్‌వెల్‌తో మ్యాచ్. గెలిస్తే లీగ్‌లో మిగులుతారు. లేదంటే నూట రెండేళ్ళలో మొదటిసారి కింది లీగ్‌కి జారిపోతారు. స్కోరు సమానంగా ఉంది, రెండు నిమిషాలే మిగిలున్నాయి. అప్పుడు దొరికింది పెనాల్టీ. కోరీ బంతి చేతిలోకి తీసుకున్నాడు. స్టాండ్లలో జనం అప్పుడే కావలించుకోవడం మొదలుపెట్టారు. పిల్లింగ్ కోరీ దగ్గరికి నడిచాడు. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత చూస్తే బంతి పిల్లింగ్ చేతిలో ఉంది.

అతను తన్నిన బంతి గోలు మీదుగా ఎగిరి వెళ్ళి కార్ల మధ్య పడింది.

మ్యాచ్ అయ్యాక టీవీ వాడు కోరీ మొహం ముందు మైకు పెట్టాడు. "పెనాల్టీలు నీవి కదా, ఏమైంది?"

"కెప్టెన్ లాక్కున్నాడు," అన్నాడు కోరీ. కళ్ళనిండా నీళ్ళు.

పిల్లింగ్ రెండడుగుల దూరంలో బూట్లు విప్పుకుంటున్నాడు. తలెత్తి చూశాడు. మళ్ళీ లేసుల మీదకి వంగాడు.

వారం తిరక్కుండా అతని గేటు మీద ఎర్రరంగుతో 'దొంగ' అని రాశారు. క్లబ్బు అతని కాంట్రాక్టు పొడిగించలేదు. కోరీ కోసం రెండు లీగ్‌లు పైనున్న క్లబ్బు మనుషులు కారు వేసుకుని వచ్చారు.

పొట్లం పట్టుకుని కోరీ బయటికొచ్చేసరికి పిల్లింగ్ గోడవార నిలబడి ఉన్నాడు.

"సంతకం అయిందా?"

"నిన్ననే. మూడేళ్ళకి."

"మంచిది. ఇక నీకు ఢోకా లేదు." పిల్లింగ్ చేతులు జేబుల్లో కుక్కుకున్నాడు. "నా గురించి కాదురా. ఎల్సీ బడికి వెళ్ళనంటోంది. జడ పట్టుకు లాగి, మీ నాన్న దొంగ అంటున్నారట. తొమ్మిదేళ్ళ పిల్ల, ఏం చెబుతుంది? నువ్వొక్క మాట చెబితే ఊరు వింటుంది."

"ఏం చెప్పమంటావు కెప్టెన్?"

పిల్లింగ్ అతని మొహంలోకి చూశాడు. "నీకేది తోస్తే అది."

ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు హాల్లో కోరీకి వీడ్కోలు. మార్జరీ కేకు చేసుకొచ్చింది. రాన్ కోరీ పేరు రాసిన మఫ్లర్లు పంచాడు. కోరీ మైకు అందుకుంటుండగా తలుపు దగ్గర మాటలు ఆగిపోయాయి. పిల్లింగ్ కూతురి చెయ్యి పట్టుకుని లోపలికొచ్చి గోడకి ఆనుకున్నాడు.

"వచ్చాడండీ పెద్దమనిషి!" అరిచాడు రాన్. "కోరీ, ఆయన మొహం మీదే చెప్పు. ఆ రోజేం జరిగింది?"

కోరీ మైకు రెండు చేతులా పట్టుకున్నాడు. రాత్రంతా ఆలోచించుకున్న మాటలు నాలిక చివరే ఉన్నాయి. ఎల్సీ కన్నార్పకుండా అతన్నే చూస్తోంది. ఇటువైపు రెండు వందల మంది, అందరి మెడల్లోనూ అతని పేరే.

"వదిలెయ్యండి," అన్నాడు. "ఆయన్నీ, ఆ పిల్లనీ ఇంకెవరూ ఏమీ అనొద్దు. నేను... నేను కెప్టెన్ని క్షమించేశాను."

హాలు చప్పట్లతో హోరెత్తిపోయింది. రాన్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. పిల్లింగ్ కూతుర్ని ఎత్తుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

"ఎంత మనసురా నీది, బంగారు తండ్రీ!" మార్జరీ కోరీని గుండెకి హత్తుకుంది.

ఆ శనివారం, తన వల్ల కాదంటూ, బంతి తీసుకోమని కెప్టెన్ని బతిమాలింది కోరీయే.