ఆదివారం పదింటి పాట

శాక్సఫోన్ వాయించేవాడి ఊపిరికి నకలు ఉండదని, అతనితో కాపురం చేసిన మనిషి దానిని కళ్లు మూసుకుని కూడా పోల్చుకోగలదని జాజ్ అభిమానులు నమ్ముతారు. కోపెన్‌హాగెన్ రేడియో భాండాగారంలో ఇరవై రెండేళ్లుగా టేపులకు వివరాల కార్డులు రాస్తున్న వీబెకె దేనినీ ఊరికే నమ్మదు. అందుకే మూడు రీళ్ల మీద ఒకటి, రెండు, మూడు అని మాత్రం రాసి, ఆగ్నెటెను కుర్చీలో కూర్చోబెట్టింది.

పాత స్టూడియో ఖాళీ చేస్తున్నప్పుడు గోడ అలమరలో దొరికిన రీళ్లవి. పెట్టె మీద కోర్నెల్ వేడ్ అన్న పేరు ఉంది. లోపలి చీటీలను చెమ్మ తినేసింది. శాక్సఫోన్ వాయించే కోర్నెల్ అమెరికా విడిచి ఈ ఊరు చేరి, ఆగ్నెటెను పెళ్లాడి, మూడో ఏట, ఒక్క రికార్డయినా విడుదల కాకముందే, కచేరీకని హాంబర్గ్ వెళ్లి అక్కడే పోయాడు. అది జరిగి యాభై ఏళ్లు దాటింది.

"ఇక్కడ సంతకం పెట్టండి, ఆగ్నెటె గారూ. ఇవి వ్యక్తిగత టేపులు కనుక వీటి కార్డులు ముప్పై ఏళ్లు మూసి ఉంచుతాం. ఎవరికీ చూపించం."

"అప్పటికి నాకు నూట పదమూడు. తీరిగ్గా వచ్చి చదువుకుంటాలే." ఆవిడ సంతకం చేసింది. "త్వరగా కానివ్వు అమ్మాయ్. ఈ చలికాలం దాటితే చెవులు పూర్తిగా పోతాయని డాక్టరు చెప్పేశాడు. ఈలోగా ఆ పాట ఒక్కసారి వినాలి."

పాత యంత్రం దగ్గర ఎబ్బె నిలబడి ఉన్నాడు. ఎప్పుడో పదవీ విరమణ చేసిన శబ్ద ఇంజనీరు, కోర్నెల్‌కు స్నేహితుడు. ఆ యంత్రాన్ని నడపగలవాడు ఇప్పుడు అతనొక్కడే.

"మూడోది వదిలేద్దాం. తెగుతుంది," అన్నాడు.

"గట్టిగానే ఉందని నిన్న మీరే కదా అన్నారు?" అన్నది వీబెకె. అతను మొదటి రీలు దుమ్ము తుడవసాగాడు.

"ఏ పాట అది?" అని వీబెకె ఆవిడను అడిగింది.

"పేరు తెలియదు. నాకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, ఆయనకు రాత్రి కచేరీలు. ఇంట్లో వాయిద్యం ముట్టకూడదని బిల్డింగు వాళ్ల నిబంధన. మొగుడి వాయింపు ఎదురుగా కూర్చుని విన్న పాపాన పోలేదు. కానీ ఏ ఊళ్లో ఉన్నా ఆదివారం పొద్దున పదింటికి ఫోను మోగేది. మాటల్లేవు. ఒకటే పాట. చివర్న టక్కున పెట్టేసేవాడు." ఆగ్నెటె నవ్వింది. "ఆ ఫోన్ల జ్ఞాపకం మీదే ఇన్నేళ్లూ బతికాను. మళ్లీ పెళ్లి చేసుకోమని చాలామంది చెప్పారు. ఇదిగో, ఈ మహానుభావుడు కూడా అడిగాడు. కాఫీ ఇచ్చి పంపించేశాను."

"కాఫీ బాగుంది," అన్నాడు ఎబ్బె, రీలు ఎక్కిస్తూ.

"వీడూ ఊదేవాడు, తెలుసా? కోర్నెలే నేర్పాడు. వీడు మొదలుపెడితే పావురాలు ఊరు విడిచి పోయేవని ఆయన ఒకటే నవ్వు."

"రేడియోలో ఆదివారం పొద్దుటి డ్యూటీ పెళ్లి కానివాళ్ల నెత్తిన వేసేవారు. సాధన చేసే తీరిక నాకెక్కడిది?"

మొదటి రీలు తిరిగింది. వాయింపు వడగళ్లలా కురిసింది. ఆగ్నెటె తల అడ్డంగా ఊపింది.

"వేళ్లు మహా గొప్పవి. మా ఆయన కాదు."

రెండవది నెమ్మదైన పాట. ఆవిడ చివరిదాకా విన్నది.

"ఇదీ కాదు. రెండూ ఒకడివేననుకుంటా. మంచి పనిమంతుడు. కానీ ఎవరికోసమూ వాయించడం లేదు."

వీబెకె తన కాగితం మీద రెండుసార్లు 'కాదు' అని రాసుకున్నది.

మూడవ రీలులో ముందు కుర్చీ కిర్రుమన్నది. తర్వాత ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. స్వరం ఇంకా మొదలే కాలేదు. ఆగ్నెటె కుడిచేయి లేచి, అక్కడ లేని రిసీవరును చెవికి ఆనించుకున్నది. అది వీబెకె కళ్లారా చూసింది.

"ఇప్పుడు తడబడతాడు చూడు," అని ఆవిడ గొణిగింది. పాట తడబడింది, సర్దుకున్నది, సాగింది. చివరన టక్‌మన్న చప్పుడు.

"పెట్టేశాడు," అన్నది ఆగ్నెటె. కన్నీళ్లు తుడుచుకోలేదు. "ఎప్పుడూ ఇంతే."

"నిశ్చయంగా ఆయనేనా?"

"ఊపిరి విన్నాక ఇంకా సాక్ష్యం కావాలా అమ్మాయ్?"

నకలు తీసి ఇస్తే ఆవిడ సంచిలో భద్రంగా పెట్టుకున్నది. పోతూ పోతూ ఎబ్బె చెంప తట్టింది. "నువ్వు లేకపోతే ఇది నాకు దక్కేది కాదురా."

"మెట్లు తడిగా ఉన్నాయి. చూసుకుని దిగు," అన్నాడతను.

తలుపు మూసుకున్నాక వీబెకె మూడు కార్డులు బల్లమీద పరిచింది. "మొదటి రెండూ అజ్ఞాతం. మూడవదానికి కోర్నెల్ వేడ్ అని రాయనా?"

ఎబ్బె యంత్రం ఆపాడు. "ముప్పై ఏళ్లు మూసే ఉంచుతామన్నారు కదూ?"

"ఉంచుతాం."

"ఆ కలం ఇలా ఇవ్వండి."

మొదటి రెండు కార్డుల మీద కోర్నెల్ వేడ్ అని, మూడవదాని మీద తన పేరు రాశాడు.